అచ్చు జరిగె... ఒత్తు విరిగె!

పెరియకుళం పొట్లాలపై తెలుగు లేబుళ్ల తంటా.. ప్రింటర్ మారితే తప్పని మిల్లీమీటర్ల తేడా

పెరియకుళం: రెండు మిల్లీమీటర్లంటే ఎంత? అగ్గిపుల్ల మందం. అచ్చు అంత మాత్రం కిందికి జరిగితే చాలు.. పొట్లం మీది 'విత్తనం' కాస్తా 'వితనం' అయి కూర్చుంటుంది. 'ఉత్పత్తిదారు' వచ్చి 'ఉతతిదారు' అవుతాడు. మొలక శాతం అంకె గడి గీత మీద పడి అది ఆరో ఎనిమిదో తేలదు. పొట్లం కొన్న రైతు ఎండలో నిలబడి కళ్లు చికిలించి చూస్తాడు. అర్థం కాక, సరేలే అని సంచిలో వేసుకుని పోతాడు.

ఇదేం పెద్ద సంగతి అనుకోవచ్చు. మునగ గింజ విషయంలో మాత్రం పెద్ద సంగతే.

మునగ వేసే ఆంధ్రా రైతును 'పీకేఎం' అంటే ఏమిటని అడగండి. విత్తనం పేరని ఠక్కున చెబుతాడు. అది ఒక ఊరి పేరన్న సంగతి చాలామందికి తట్టదు. పీకేఎం అంటే పెరియకుళమే. తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం కింద ఇక్కడ ఉద్యాన కళాశాల, పరిశోధన కేంద్రం ఉన్నాయి. పీకేఎం-1 మునగ 1989లో, పీకేఎం-2 మునగ 2000లో విడుదలయ్యాయి. కొమ్మ నాటి ఏళ్ల తరబడి పెంచే పాత మునగ వేరు, గింజ వేసి తోటగా పెంచే ఈ మునగ వేరు. రెండున్నర మీటర్ల ఎడంతో ఎకరాకు 640 మొక్కలు. ఆరు నెలలు తిరిగేసరికి కోత. ఈ రకంతోనే మునగ పెరటి చెట్టు నుంచి పొలం పంటగా మారింది.

చిక్కల్లా గింజతోనే. మునగ పరపరాగ సంపర్కం జరిగే పంట. పక్క తోటలో వేరే రకం ఉంటే పుప్పొడి కలిసిపోతుంది. గింజను అరచేతిలో పోసుకుని చూసి ఇది ఫలానా రకం అని చెప్పడం ఎవరి తరమూ కాదు. పైగా మామూలు గదిలో నిల్వ ఉంచితే మొలక శక్తి త్వరగా పడిపోతుంది. గింజ పాతదైనా, రకం వేరైనా రైతుకు తెలిసేది నాటాకే. రకం తేడా అయితే ఆరో నెలలో, కాయ చూశాక. ఈలోగా దున్నకం, నీళ్లు, కూలి అన్నీ మట్టిలో కలిసి ఉంటాయి. పొట్లం కొనే పూట రైతు చేతిలో ఉండే ఆధారం ఒక్కటే. ఆ చిన్న చీటీ.

రంగును బట్టి హామీ

ఆ చీటీకి చట్టం ఉంది. 1966 నాటి విత్తనాల చట్టం, 1968 నాటి నిబంధనల ప్రకారం లేబుల్ మీద పంట, రకం, లాట్ నంబరు, మొలక శాతం, పరీక్ష చేసిన తేదీ, నికర బరువు, అమ్మేవారి చిరునామా ఉండాలి. మందు పట్టించిన విత్తనమైతే హెచ్చరిక కూడా. రంగులకూ లెక్కుంది. బ్రీడర్ విత్తనానికి బంగారు పసుపు, ఫౌండేషన్‌కు తెలుపు, సర్టిఫైడ్‌కు నీలం. ధ్రువీకరణ లేకుండా అమ్మేవాడే పూచీ తీసుకునే టీఎల్ విత్తనానికి లేత ఆకుపచ్చ. ధ్రువీకరించిన విత్తనానికైతే పరీక్ష తేదీ నుంచి తొమ్మిది నెలలే గడువు.

రంగు దూరం నుంచే కనబడుతుంది. ప్రాణమున్నది తేదీలో, లాట్ నంబరులో. సరిగ్గా అవే అచ్చు జరిగినప్పుడు ముందు చెడేవి. ఎందుకంటే చిన్న వ్యాపారి లేబుల్ ఒకేసారి తయారు కాదు. గడులు, బొమ్మ, ఊరి పేరు ముందే రంగుల్లో అచ్చయి వస్తాయి. లాట్ నంబరు, తేదీ, శాతం మాత్రం అప్పటికప్పుడు ఖాళీ గడుల్లో కొట్టుకోవాలి. ఒకసారి అంగడిలోని ప్రింటర్ మీద, ఇంకోసారి అది పాడైతే వీధి చివరి జెరాక్స్ అంగడిలో, మరోసారి బంధువుల ఆఫీసులో. ఫైలు ఒకటే. యంత్రాలు మూడు. వచ్చే అచ్చు మూడు రకాలు.

మాటుంది.. చదువు లేదు

ఇందులో మన భాష మెలిక ఒకటుంది. పెరియకుళం ఆనుకుని వడుగపట్టి అని ఊరుంది. వెల్లుల్లి సంతకు పేరున్న ఊరు. 2019లో భౌగోళిక గుర్తింపు దక్కిన కొడైకెనాల్ కొండ వెల్లుల్లి దిగేదీ ఇక్కడే. 'వడుగు' అంటే పాత తమిళంలో తెలుగు అనే. విజయనగరం కాలంలో, ఆ తర్వాత మదురై నాయకుల ఏలుబడిలో ఈ వైపు వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాల గుర్తు ఊరి పేరులోనే నిలిచింది. కాస్త దూరంలోని బోడినాయకనూరు పేరు విన్నా ఆ సంగతి తెలుస్తుంది.

ఇన్ని తరాలైనా ఇళ్లలో తెలుగు వినబడుతుంది. 'ఏమన్నా, యాడికి పోతాండావు' అనే పలకరింపు తేని జిల్లా బస్సులో వింటే మనకు ఒక్క క్షణం చిత్తూరో మదనపల్లో అనిపిస్తుంది. బడి మాత్రం తమిళంలోనే. 2006లో తమిళనాడు తెచ్చిన తమిళ అభ్యాస చట్టంతో ఒకటో తరగతి నుంచి మొదలుపెట్టి ఏటా ఒక్కో తరగతికి తమిళం తప్పనిసరి అయ్యింది. అంతకుముందు కూడా తెలుగు అక్షరం నేర్చినవాళ్లు తక్కువే. అందువల్ల డీటీపీ అంగడిలో కూర్చున్న కుర్రాడు ఇంట్లో తెలుగే మాట్లాడినా, తెరమీది తెలుగు అక్షరం అతనికి బొమ్మతో సమానం. ఒత్తు తెగిందా, ఉందా అన్నది కంటికి ఆనదు.

తమిళ అక్షరానికి మనలాగా కింద ఒత్తు వేలాడదు. పొల్లుకు పైన ఒక చుక్క, అంతే. తమిళ అక్షరాలకు సరిపడేలా గీసిన గడిలో తెలుగు పెడితే మొదటి దెబ్బ ఒత్తుకే. గడి ఎత్తు చాలదు, అచ్చు కొంచెం జరగ్గానే ఒత్తు గీత కిందికి పోతుంది, లేదా కత్తెర కింద పడుతుంది. తమిళ లేబుల్ రెండు మిల్లీమీటర్లు జరిగినా చదవొచ్చు. తెలుగు లేబుల్ ఒక్క మిల్లీమీటరుకే నత్తి కొడుతుంది. ఒకే యంత్రం మీద, ఒకే రోజు వచ్చిన రెండు భాషల లేబుళ్లలో ఒకటి బాగుండి రెండోది చెడడానికి కారణం ఇదే.

'నిన్న బాగానే వచ్చిందే అన్నా!'

జెరాక్స్ అంగళ్లలో ఈ మాట వినని రోజుండదు. నిన్న బాగా వచ్చిందన్నది నిజమే. ఇవాళ చెడిందన్నదీ నిజమే. మధ్యలో ఏం మారిందో కనిపెట్టడానికి ఇంజినీరు అక్కర్లేదు, ఒక స్కేలు చాలు.

బజార్లో దొరికే 24 లేబుళ్ల స్టిక్కర్ షీటే తీసుకుందాం. అడ్డంగా మూడు, నిలువుగా ఎనిమిది. ఒక్కో లేబుల్ సుమారు 64 మిల్లీమీటర్ల వెడల్పు, 34 మిల్లీమీటర్ల ఎత్తు. ఏ4 కాగితం 210, 297. నిలువునా ఎనిమిది లేబుళ్లకు 272 పోగా పైనా కిందా కలిపి మిగిలేది 25. ఇంత బిగుతు కొలతలో ప్రింటర్ ఏ చిన్న వేషం వేసినా బయటపడుతుంది.

అన్నిటికన్నా ఎక్కువ కొంప ముంచేది కాగితానికి తగ్గట్టు కుదించే 'ఫిట్ టు పేజ్' గుర్తు. ప్రింట్ నొక్కే పెట్టెలో అది ముందే టిక్కు పెట్టి ఉంటుంది. ప్రింటర్ కాగితం అంచుల దాకా కొట్టలేదు. చాలా లేజర్ యంత్రాలు చుట్టూ నాలుగు మిల్లీమీటర్లు వదిలేస్తాయి. కొన్ని పాత ఇంకుజెట్లు అడుగున సెంటీమీటరుకు పైనే వదిలేస్తాయి. ఆ వదిలిన మేరకు బొమ్మ మొత్తాన్ని 97 శాతానికో 96 శాతానికో తగ్గించి సర్దుతుంది. ఉత్తరమైతే ఎవరికీ తెలియదు. లేబుల్‌కు అలా కాదు. 97 శాతమంటే ఒక్కో వరసకు ఒక్కో మిల్లీమీటరు తరుగు. పైనుంచి లెక్కిస్తే ఎనిమిదో వరస చేరేసరికి ఏడు మిల్లీమీటర్లు. మొదటి వరస చూసి బాగుంది అనుకుని వంద షీట్లు కొట్టేస్తారు. ఆఖరి వరస తీసేటప్పుడు తల పట్టుకుంటారు.

ఇంకో దొంగ ఉన్నాడు. అమెరికా కాగితం 'లెటర్' సైజు. దాని ఎత్తు 279 మిల్లీమీటర్లే. కంప్యూటర్ కొత్తగా పెట్టినప్పుడో, ప్రింటర్ డ్రైవర్ మార్చినప్పుడో సైజు ఏ4 నుంచి లెటర్‌కు మారిపోయి ఉంటుంది. దానికి సర్దితే 94 శాతం. వరసకు రెండు మిల్లీమీటర్లు. ఎనిమిదో వరసకు పద్నాలుగు. దాదాపు సగం లేబుల్ పక్క లేబుల్ మీదికి ఎక్కేస్తుంది.

కాబట్టి మొదటి వరసను, ఆఖరి వరసను పక్కపక్కన పెట్టి చూడాలి. వరస వరసకూ తేడా పెరుగుతూ పోతే అది కుదింపు. సైజు వంద శాతం అని పెట్టి, కాగితం ఏ4 అని సరిచేస్తే పోతుంది. కొన్ని యంత్రాలు మధ్యకు లాగి కుదిస్తాయి. అప్పుడు నడిమి వరసలు బాగుండి పైనా కిందా చెడతాయి. మందు అదే. అలా కాకుండా అన్ని వరసల్లోనూ ఒకే తేడా ఉంటే అది జరుగుడు. అది ప్రతి యంత్రానికీ ఉంటుంది. పుట్టుమచ్చ లాంటిది. ఎంతుందో కొలిచి, అంత వెనక్కి జరిపితే సరి.

ఎడమ పక్క సరిగా ఉండి కుడి పక్క దిగిపోతే ఫైలును తిట్టకండి. ట్రేలో కాగితాన్ని పట్టి ఉంచే గైడ్లు వదులుగా ఉన్నాయి. కాగితం వంకరగా పోతోంది. ఒక షీటుకు ఒకలా, ఇంకో షీటుకు ఇంకోలా వస్తుంటే రబ్బరు రోలరు మీద దుమ్ము చేరింది, లేదా అరిగింది. కంప్యూటర్లో ఎన్ని అంకెలు మార్చినా ఫలితం ఉండదు. తడిగుడ్డతో రోలరు తుడవడమే. సగం లేబుళ్లు ఒలిచేసిన షీటును పొదుపు పేరుతో మళ్లీ లేజర్ యంత్రంలో దూర్చడం మాత్రం మహాపాపం. లోపల వేడి రెండొందల డిగ్రీలకు అటూ ఇటూ ఉంటుంది. మిగిలిన స్టిక్కరు ఊడి లోపల అంటుకుందంటే లేబుల్ ఖర్చు పోయి మెకానిక్ ఖర్చు మొదలవుతుంది.

శివకాశి మూల

ఈ తంటా కొత్తదేమీ కాదు. విరుదునగర్ జిల్లా శివకాశి ముద్రణ ఊరిగా ఎదిగిందే లేబుళ్లతో. అయ్య నాడార్, షణ్ముగ నాడార్ 1922లో కలకత్తా వెళ్లి అగ్గిపెట్టెల తయారీ నేర్చుకుని వచ్చి 1923లో ఇక్కడ పరిశ్రమ పెట్టారు. అగ్గిపెట్టెకు లేబుల్ కావాలి, టపాకాయకు లేబుల్ కావాలి. వాటికోసమే రాతి ముద్రణ వచ్చింది. రంగుకో రాయి. ఎరుపు మీద పసుపు, పసుపు మీద నలుపు ఒకదానిపై ఒకటి కచ్చితంగా కూర్చోవాలి. కూర్చోకపోతే బొమ్మలోని పెదవి చెంప మీదికి వస్తుంది. అందుకే షీటు అంచుల్లో చిన్న కూడిక గుర్తులు వేసేవారు. ఇప్పటి ఆఫ్‌సెట్‌లోనూ అవే గుర్తులు.

అచ్చాఫీసుల్లో ఇంకో కట్టుబాటు ఉంది. యంత్రం పళ్లు కాగితాన్ని పట్టుకునే అంచును గ్రిప్పర్ అంటారు. దానికి తోడు ఒక పక్క అంచు. ఈ రెండూ కలిసే మూల నుంచే కొలతలన్నీ. ఎన్నిసార్లు అచ్చు కొట్టినా ఆ మూలే ఆధారం. మన చిన్న వ్యాపారి తప్పేది సరిగ్గా ఇక్కడే. రంగు లేబుళ్ల షీట్లు కట్టగా వస్తాయి. వాటిలో కొన్ని తలకిందులుగా ట్రేలో పెడతాం. కటింగ్ యంత్రం కోతలో ఒక కట్టకూ మరో కట్టకూ మిల్లీమీటరు తేడా ఉండనే ఉంటుంది. అది ఒక అంచున ఉంటే, మనం కొలిచేది ఇంకో అంచు నుంచి. గ్రిప్పర్ మూల ఏదో అచ్చాఫీసు వాళ్లను అడిగి, ఆ మూలలో పెన్సిలుతో చుక్క పెట్టించుకోవాలి. ప్రతి షీటూ ఆ చుక్క ఒకే వైపు ఉండేలా ట్రేలో పెడితే సగం గొడవ తగ్గుతుంది. పైసా ఖర్చు లేదు.

పాత డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్లను ఈ విషయంలో మెచ్చుకోవాలి. చప్పుడు భరించలేం గానీ, కాగితం రెండు అంచుల్లో బెజ్జాలు, వాటిలో దూరే పళ్లు. అంగుళానికి ఆరు వరసలు. ఒకసారి కుదిరిందంటే వెయ్యో లేబుల్ కూడా మొదటి దానిలాగే వచ్చేది.

ఇప్పుడు వాటి చోట చుట్ట లేబుళ్ల థర్మల్ ప్రింటర్లు వచ్చాయి. వాటి తీరు వేరు. రెండు లేబుళ్ల మధ్య రెండు మూడు మిల్లీమీటర్ల ఖాళీని కంటిలాంటి సెన్సర్ పసిగడుతుంది. చుట్ట మార్చినప్పుడల్లా దానికి కొత్త చుట్టను చూపించాలి. కాలిబ్రేషన్ అనే ఆ పని చేయకపోతే తేదీ వచ్చి ఖాళీలో పడుతుంది. యంత్రాల్లో రెండు జాతులు కూడా ఉన్నాయి. ఒకటి మిల్లీమీటరుకు 8 చుక్కలు కొడితే, ఇంకోటి దాదాపు 12 కొడుతుంది. చుక్కల లెక్కన 50 మిల్లీమీటర్లకు తయారు చేసిన లేబుల్ రెండో దానిమీద 34 మిల్లీమీటర్లకు ముడుచుకుపోతుంది. కొలత మిల్లీమీటర్లలో ఇచ్చారా, చుక్కల్లో ఇచ్చారా అన్నది ముందే అడగాలి. ఇంకు రిబ్బన్ లేకుండా వేడితో కొట్టే రకం ఎండకు వెలిసిపోతుంది. విత్తన పొట్లానికి అది పనికిరాదు.

అక్షరం మారితే వెడల్పు మారె

యంత్రం కుదిరినా తెలుగు ఫాంటు కుదరకపోవచ్చు. విజయవాడలోనో తిరుపతిలోనో అను ఫాంట్లతో కూర్చిన ఫైలు పెరియకుళం కంప్యూటర్లో తెరిస్తే తెలుగు బదులు ఇంగ్లీషు గుర్తుల గుంపు కనబడుతుంది. ఇదైనా నయం, తప్పని ఎవరికైనా తెలుస్తుంది. యూనికోడ్‌లో కూర్చిన ఫైలుతో ప్రమాదం ఇంకా సన్నగా వస్తుంది. పంపినవారి దగ్గరున్న ఫాంటు ఇక్కడ లేకపోతే కంప్యూటర్ తన దగ్గరున్న గౌతమినో, మరోదాన్నో పెట్టేస్తుంది. అక్షరాలు తెలుగే. వెడల్పు, ఎత్తు మాత్రం వేరు. ఒక వరసలో పట్టే మాట రెండో వరసకు దిగుతుంది. కింది గడులన్నీ ఒక్కో మెట్టు జారుతాయి. తెలుగు చదవని మనిషికి అంతా సవ్యంగానే ఉన్నట్టు కనబడుతుంది. ఫాంటును లోపలే ఇమిడ్చిన పీడీఎఫ్‌గా పంపితే ఈ బెడద ఉండదు. వర్డ్ ఫైలు పంపే అలవాటు మానుకోవాలి.

విత్తనాలకే కాదు. వడుగపట్టి వెల్లుల్లి పొట్లమైనా, ఊరగాయ సీసా అయినా, మునగాకు పొడి డబ్బా అయినా ఇదే లెక్క. 2011 నాటి ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనల ప్రకారం బరువు, ధర, తేదీ వివరాలు హిందీలో గానీ ఇంగ్లీషులో గానీ ఉండాలి. తెలుగు, తమిళం అదనం. అదనం కదా అని తెలుగును మిగిలిన మూలలో ఇరికిస్తారు. అచ్చు జరిగితే ముందు పోయేది మూలనున్నదే. అంకెల ఎత్తు ఇంత ఉండాలని కూడా నిబంధన చెబుతుంది. 'ఫిట్ టు పేజ్' పుణ్యమా అని అది తగ్గితే తనిఖీకి వచ్చిన అధికారి ప్రింటర్ మీద కేసు రాయడు, వ్యాపారి మీద రాస్తాడు.

కొత్తగా క్యూఆర్ గడి తోడయింది. విత్తనం ఎక్కడ పుట్టిందో రైతు ఫోనులో చూసుకునేలా కేంద్రం 2023లో సాథీ పోర్టల్ తెచ్చింది. క్యూఆర్ గడి చుట్టూ నాలుగు చుక్కల మేర తెల్లగా ఖాళీ ఉండాలి. అచ్చు జరిగి ఆ ఖాళీలోకి గీత వచ్చిందా, ఫోను చదవకపోవచ్చు. బార్‌కోడ్‌కూ అటూ ఇటూ అలాంటి ఖాళీ కావాలి. కంటికి ఒత్తు తెగితే మనిషి ఊహించి చదువుకుంటాడు. ఫోనుకు ఊహ లేదు.

గోడ మీద రాసుకుంటే చాలు

సాఫ్ట్‌వేర్లు కొనమని చెప్పేవారు చాలామంది ఉన్నారు. ఉన్నదానితో నెట్టుకొచ్చే దారి ఇది. లేబుల్ గడుల గీతలు మాత్రమే ఉన్న ఒక పేజీని మామూలు తెల్ల కాగితం మీద వంద శాతం సైజులో కొట్టాలి. దాన్ని స్టిక్కర్ షీటు మీద పెట్టి, రెండూ కలిపి కిటికీ వెలుతురుకు పట్టుకోవాలి. ఎంత జరిగిందో అక్కడే కనబడుతుంది. స్కేలుతో కొలిచి 'పెద్ద లేజర్: పైకి ఒకటిన్నర, ఎడమకు ఒకటి' అని ఆ ప్రింటర్ పక్కనే గోడకు అంటించాలి. మూడు ప్రింటర్లుంటే మూడు చీటీలు. ఫైలును ప్రతిసారీ మార్చి పాడుచేసే బదులు ప్రింటర్ అమరికలోనో, లేబుల్ మార్జిన్లోనో ఆ అంకెలు ఇవ్వాలి. టోనరు, ట్రే, కాగితం కట్ట ఏది మారినా మళ్లీ ఒక్క తెల్ల కాగితం ఖర్చు చేయాలి.

గడిలో అక్షరం కింద కనీసం రెండు మిల్లీమీటర్లు వదలమని డిజైన్ చేసేవారికి ముందే చెప్పాలి. తమిళ లేబుల్‌నే కొలతగా తీసుకుని అందులో తెలుగును నింపమంటే ఒత్తులు బతకవు. తెలుగు గడి వేరేగా, కాస్త ఎత్తుగా గీయించుకోవాలి.

ఆఖరి మాట చూపు గురించి. మొదటి షీటు రాగానే కింది వరసలో కుడి చివరి లేబుల్‌ను ఫోటో తీసి, సరుకు దిగే ఊళ్లో తెలుగు చదివే వ్యాపారికి వాట్సాప్‌లో పంపాలి. పై వరసది కాదు, కింది వరసదే. జరిగినా, కుదించుకున్నా, వంకర పోయినా తప్పు ఎక్కువగా పోగయ్యేది ఆ మూలనే. అవతలి నుంచి 'విత్తనం, పరీక్ష తేదీ, లాట్ నంబరు కనబడతాండాయి' అని కబురు వచ్చాకే మిగతా షీట్లు ట్రేలో పెట్టాలి.